పైపుకు చిల్లు

మావారు పోయాక ఆయన పెంచిన పగడాల ట్యాంకును నేనే చూసుకుంటున్నాను. పగడాలకు చోటు చాలక, ఆయన పైపులు సిద్ధం చేసి ఉంచిన రెండో ట్యాంకును దాని పైన అమర్చి కలపడానికి మా మరిదిని నర్సీపట్నం రమ్మన్నాను.

"ఏటి వదినా, పైపుకి పై సివర్న సిల్లుంది! ఎమ్‌సీల్ ఎట్టి మూసీమంటావా?"

"మీ అన్నయ్య పెట్టిందే. ఉండనీ."

మోటారు వేశాం. పై ట్యాంకు నిండింది, కొన్ని పగడాలను అందులోకి మార్చాం. అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగగానే, ఎక్కిన నీళ్లు అదే పైపులోంచి వెనక్కి దిగసాగాయి. ఇలాగే దిగితే కింది ట్యాంకు పొంగుతుంది, పైన పగడాలు ఎండిపోతాయి.

"బాల్చీ వదినా, బేగి!"

కింద నీళ్లు అంచును తాకాయి. అప్పుడే పైన నీటిమట్టం చిల్లు దాకా తగ్గింది. చిల్లు గుడగుడమని గాలి పీల్చుకుంది. పైపులో ధార తెగి నీళ్లు ఆగిపోయాయి.

"అన్నయ్య కరెంటోళ్లని ఎప్పుడూ నమ్మనేదు," అన్నాడు మరిది. ఆయన పోయాక మేమిద్దరం నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు మూడో ట్యాంకు పెడుతున్నాం. పైపుకు చిల్లు ఈసారి నేనే పెట్టాను.