దుమ్ముగోడా, పిన్నిగారి వర్జ్యమూ

2011 జులై అయిదో తారీఖు, మంగళవారం. అరిజోనాలో చాండ్లర్. ముందు రోజు అమెరికా స్వాతంత్ర్య దినానికి కాల్చిన టపాకాయల కాగితాలు ఇంకా వీధిలో దొర్లుతున్నాయి. నేను ఒక ఇంటి కప్పు మీద, మోకాళ్ళ కింద తడితువాలు వేసుకుని, ఏసీ ముందు కూర్చుని ఉన్నాను. ఇక్కడ ఒంటి అంతస్తు ఇళ్ళలో చాలావాటికి ఏసీ కప్పు మీదే ఉంటుంది. ప్యాకేజ్ యూనిట్ అంటాం. కంప్రెసరూ ఫ్యానూ అన్నీ ఒకే ఇనప్పెట్టెలో ఉంటాయి. జులై సాయంత్రం ఆ పెట్టె పక్కన కూర్చోవడమంటే పెనం మీద రెండో దోసెగా చేరడమే.

నేను మెకానికల్‌లో ఎమ్మెస్ చేశాను. రెండేళ్ళు ఆఫీసులో కూర్చుని, అక్కడి ఏసీ చలికి తట్టుకోలేక ఏసీలు బాగుచేసే పనిలో పడ్డాను. మావాళ్ళందరూ నన్ను ఏసీ ప్రసాద్ అంటారు. పనికి వంక పెట్టరు కానీ మాటకి మాత్రం పెడతారు. ఎండలో ఎండే మనిషికి ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా. కప్పు మీద స్క్రూడ్రైవర్ పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి అది వంగి నమస్కారం పెట్టిందని చెప్పాను. ఒక బల్లి నా టోపీ నీడలోకి వచ్చి, వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పిందని చెప్పాను. ఈ ఇంటాయన కిరణ్‌కి ఆ ఏప్రిల్‌లోనే ఒక ఫొటో పంపి, "మీ డక్ట్‌లోంచి ఆరడుగుల పామును లాగాను" అన్నాను. అది చల్లగాలి వెళ్ళే వెండిరంగు గొట్టం. పాపం, రెండు గంటలపాటు ఇంట్లోకి అడుగుపెట్టలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కిరణ్‌ది వరంగల్. ఇక్కడ కంప్యూటర్ చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. భార్య శ్రావ్యది తెనాలి. ఆ అమ్మాయి రెండు రోజుల క్రితమే ఫీనిక్స్‌లో ఆస్పత్రిలో ఆడపిల్లని కన్నది. కాన్పుకి సాయంగా వాళ్ళమ్మ రాజ్యలక్ష్మి గారు మూడు నెలల ముందే వచ్చారు. నేనావిణ్ణి పిన్నిగారు అనేవాణ్ణి. వచ్చిన నెలకే ఆవిడ పంచాంగం చాండ్లర్ అంతా పాకిపోయింది. కొత్త కారు ఎప్పుడు ఇంటికి తెచ్చుకోవాలన్నా, కొత్త ఇంట్లో పాలు ఎప్పుడు పొంగించాలన్నా మావాళ్ళు ఆవిడకే ఫోన్ చేసేవారు. ఇండియా పంచాంగాన్ని ఇక్కడి సూర్యోదయానికి మార్చి లెక్క కట్టడం ఆవిడకి కొట్టిన పిండి. అందులో ఎవరైనా తప్పు పడితే ఆ పూట అన్నం తినరు.

అలాంటావిడకి ఆస్పత్రివాళ్ళు మంగళవారం నాడు డిశ్చార్జ్ చేస్తామన్నారు. "మంగళవారం పసిపిల్లని గడప దాటిస్తారటయ్యా!" అని పొద్దున్నించీ ఇల్లంతా తిరిగారు. చివరికి లెక్కలన్నీ కట్టి ఒక దారి కనిపెట్టారు. సాయంత్రం చంద్రహోర ఉంది. పొద్దు గూకితే శనిహోర వచ్చేస్తుంది. ఆలోపే పిల్ల ఇంట్లోకి రావాలి. అంతా సిద్ధం చేసుకుంటుంటే మధ్యాహ్నం ఏసీ చచ్చిపోయింది. నన్ను పిలిచారు.

పైకెక్కి చూస్తే కెపాసిటర్ ఉబ్బి ఉంది. మోటార్లు తిరగడానికి మొదటి తోపు ఇచ్చే చిన్న డబ్బా అది. జులైలో సగం ఏసీలు దీనివల్లే ఆగుతాయి. కొత్తది నా వ్యాన్‌లో ఉంది. బిగించేశాను. ఇక రేకు మూసి స్విచ్ వేయడమే. చెమట తుడుచుకుందామని లేచి దక్షిణం వైపు తిరిగాను.

ఆకాశం సగమే ఉంది. కింది సగం గోధుమరంగు గోడ.

ముందు కొండలేమో అనుకున్నాను. కానీ ఆ వైపున అంతంత కొండలు లేవు. పైగా కొండలు కదలవు. ఇది కదులుతోంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, మైలు ఎత్తున, అంచుల్లో కాలీఫ్లవర్ పువ్వులా పొంగుతూ ఊళ్ళని మింగుకుంటూ వస్తోంది. దూరాన ఒక వాటర్ ట్యాంక్ ఉండేది. చూస్తుండగానే లేదు. దీన్ని హబూబ్ అంటారు. ఉరుముల మబ్బు కూలినప్పుడు దాని కిందనుంచి తన్నుకొచ్చే గాలి ఎడారి దుమ్మునంతా లేపుకుని వస్తుంది. చిన్నవి చాలా చూశాను. ఇంతది అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఈ దేశంలో జులై మొదటి రోజులకి ఏదో తిక్క ఉంది. 1999లో జులై నాలుగున మిన్నెసోటాలో గాలి వచ్చి అడవికి అడవినే పడుకోబెట్టింది. 1936 జులైలో మిడ్‌వెస్ట్ అంతా ఎండకి ఉడికిపోయి, జనం ఇళ్ళలో ఉండలేక పార్కుల్లో పడుకున్నారు. ఇవి నా కల్పనలు కావు. నమ్మకపోతే లైబ్రరీకి వెళ్ళి చూసుకోండి.

నాకు ఠక్కున గుర్తొచ్చింది పిల్ల. ఫీనిక్స్ నుంచి చాండ్లర్‌కి రావాలంటే ఫ్రీవే ఎక్కి దక్షిణానికి రావాలి, అంటే ఎదురుగా దాని నోట్లోకే. లోపలికి వెళ్ళాక బానెట్ కూడా కనబడదు. ముందు కారు ఆగితే వెనక కార్లన్నీ వచ్చి గుద్దుతాయి. వెంటనే కిరణ్‌కి ఫోన్ చేశాను.

"కిరణ్, బయల్దేరకండి. మైలు ఎత్తు దుమ్ముగోడ వస్తోంది."

"అన్నా, మళ్ల మొదలువెట్టినవా!" అని నవ్వాడు. "మైలా? రెండు మైళ్ళు చెప్పకపోయినవ్?"

"ఒట్టు. నా కళ్ళతో చూస్తున్నా."

"ఫొటో వెట్టు మరి. పామును పంపినట్టే." వెనక ఎవరో నర్సు కార్ సీట్ గురించి ఏదో అంటోంది. "అన్నా, పాపను కార్‌ల పెడుతున్నం. మంచి టైమ్ అయిపోతదని అత్తమ్మ పదిసార్లు ఫోన్ జేసింది. నువ్వు ఏసీ జూడు జర." కట్ చేశాడు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇప్పుడైతే ఇలాంటి దుమ్ము వస్తే ఫోన్లన్నీ ఒక్కసారి కీచుమంటాయి. అప్పటికి ఆ సౌకర్యం రాలేదు. ఊరందరికీ హెచ్చరిక చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే, నమ్మేవాళ్ళు సున్నా.

రేకుకి రెండు స్క్రూలు బిగించి, యూనిట్ పక్కనుండే కరెంటు స్విచ్ వేయకుండానే వదిలేశాను. నడుస్తున్న ఏసీలోకి అంత దుమ్ము వెళితే కొత్త కెపాసిటర్ కాదు, కొత్త ఏసీ కొనాల్సిందే. డ్రిల్లు పైనే వదిలేసి నిచ్చెన దిగాను.

పిన్నిగారు వాకిట్లో హారతి పళ్ళెంలో పసుపునీళ్ళు కలుపుతున్నారు.

"బాగైందా నాయనా?"

"ఏసీ సంగతి తర్వాత పిన్నిగారూ. వాళ్ళని ఆపండి. దుమ్ము తుఫాను వస్తోంది. ఆస్పత్రి దాటారంటే దాని మధ్యలో ఇరుక్కుపోతారు."

ఆవిడ వీధిలోకి చూశారు. ఎదురిళ్ళు అడ్డం. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. నా మొహంలోకి చూశారు.

"అబద్ధం చెప్పేటప్పుడు నీ ఎడం కనుబొమ పైకి లేస్తుంది" అన్నారు. "ఇప్పుడు లేవలేదు."

ముప్ఫయ్యేళ్ళుగా మా ఇంట్లోవాళ్ళు కనిపెట్టలేనిది ఆవిడ మూడు నెలల్లో కనిపెట్టేశారు. ఆశ్చర్యపోయే తీరిక కూడా లేదు.

"అయితే చెప్పండి వాళ్ళకి!"

"ఏమని చెప్పను? దుమ్మంటే అల్లుడు వినడు. నువ్వు చెప్పమన్నావనుకుంటాడు. శ్రావ్య వింటుంది కానీ నా ముహూర్తం దాటుతుందని భయపడి బయల్దేరమనేది అదే."

"అయితే ముహూర్తమే మార్చండి."

పసుపునీళ్ళు కలుపుతున్న వేలు ఆగింది. "అంటే?"

"వర్జ్యం ఉందని చెప్పండి. ఇండియా టైముకి లెక్క కట్టానని చెప్పండి."

నేను చెంపదెబ్బ కొట్టినట్టే చూశారు. నిజమే మరి. ఊరంతా ఆవిడ లెక్కని కళ్ళకద్దుకుంటోంది. అమెరికా వచ్చి ఇండియా టైము చూసుకోవడమంటే మావాళ్ళలో కొత్తగా దిగినవాళ్ళు చేసే తప్పు. ఆ తప్పు తాను చేశానని సొంత కూతురికి చెప్పుకోవాలి. అదీ పంచాంగం మీద అబద్ధం.

"అటు దేవుడితోనూ అబద్ధమే, ఇటు పిల్లలతోనూ అబద్ధమే" అన్నారు. అంటూనే ఫోన్ అందుకున్నారు.

"శ్రావ్యా, ఎక్కడున్నారే? ... పార్కింగ్‌లోనా? బయల్దేరకండి. ... ఆ, నేనే రమ్మన్నాను, నేనే వద్దంటున్నాను. తప్పు చూశానే తల్లీ. మన ఊరి టైముకి కట్టాను. ఇప్పుడు వర్జ్యం. ... ఎలా ఏమిటి, ముసలిదాన్నయ్యాను, కళ్ళు మసకలు. ... లేదు, చంద్రహోర కాదు. ... పసిదానికి దిష్టి తగులుతుంది, లోపలికి వెళ్ళండి. లోపలికి వెళ్ళే..."

ఫోన్ కట్ అయింది. మళ్ళీ కలవలేదు.

"వెళ్ళారా?" అన్నాను.

"అల్లుడు కారు స్టార్ట్ చేశాడు. శబ్దం వినిపించింది. లోపలికి తిప్పాడో, రోడ్డెక్కాడో..."

అంతలో వెలుగు మారిపోయింది. ముందు బంగారం రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత ఏ రంగూ లేదు. వీధి చివరి ఇల్లు పోయింది. ఎదురిల్లు పోయింది. వాకిట్లో నిలబెట్టిన నా వ్యాన్ కూడా పోయింది. పళ్ళెం పట్టుకుని లోపలికి పరుగెత్తి తలుపేసి, కింద సందుల్లో తడి చీరలు కుక్కాం. అయినా నోట్లో ఇసక కరకరలాడుతోంది. ఇంట్లో ఏసీ లేదు. ఉక్క. మేమిద్దరం ఫోన్‌ని బల్ల మీద మధ్యలో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాం.

"ఏదో ఒకటి చెప్పు నాయనా" అన్నారు ఆవిడ. "నీ బల్లి సంగతి."

జీవితంలో మొదటిసారి నాకు కథ రాలేదు.

ఫోన్ మోగింది. పిన్నిగారు చేయి వేయబోయి తీసేశారు. నేనే ఎత్తాను.

"అన్నా..." కిరణ్ గొంతు. వెనక ఏవేవో గొంతులు, ఏడుస్తున్న పసిపిల్ల. "అన్నా, లాబీల ఉన్నం. అద్దాల్లోంచి ఏం కనవడ్తలేదు. నువ్వన్నది నిజమేనా! కారు గేటు దాక పోయింది. శ్రావ్య లొల్లి జేసి వెనక్కి తిప్పిచ్చింది. రోడ్డెక్కినుంటే ఇప్పుడు నట్టనడుమ ఉండెటోళ్ళం."

స్పీకర్‌లో ఆ ఏడుపు ఇల్లంతా నిండింది. పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. పిల్ల ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలీదు. నేను ఆ పసుపునీళ్ళ పళ్ళెం పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

రోడ్లు బాగాలేవని ఆస్పత్రివాళ్ళు ఆ రాత్రికి ఉండిపొమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే నేను నీళ్ళ పైపుతో కప్పెక్కాను. కండెన్సర్ కాయిల్ అని ఒకటి ఉంటుంది, వేడిని బయటికి ఊదే సన్నటి రేకుల జల్లెడ. అది మట్టిగోడలా పూడిపోయింది. నెమ్మదిగా, రేకులు వంగకుండా, మట్టినీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా కడిగాను. స్విచ్ వేస్తే ఫ్యాను ఒక్కసారి దగ్గి తిరిగింది. ఇల్లు చల్లబడ్డాక కారు వచ్చి ఆగింది. బుధవారం, లక్షణమైన రోజు. పిన్నిగారు పసుపునీళ్ళలో సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. మంగళవారం గండం తప్పి, ఆవిడ కోరుకున్న వారమే వచ్చింది.

లోపలికి వచ్చాక కిరణ్ నా చేతులు పట్టుకున్నాడు.

"నువ్వు నిజమే జెప్పినవ్ అన్నా, నమ్మలే. కానీ చూడు, అత్తమ్మ పంచాంగం తప్పు చూడవట్టి బతికినం. ఆ దేవుడే తప్పు చూపిచ్చిండు."

నేను నోరు తెరిచాను. సోఫాలోంచి పిన్నిగారు, "ప్రసాదూ, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు. ఆ గొంతులో ఏదో ఉంది. నోరు మూసుకుని కాఫీ తాగాను. తర్వాత వంటింట్లో నాతో, "నేను అబద్ధమాడానని తెలిస్తే రేపు ఏ ముహూర్తం చెప్పినా నమ్మరు నాయనా. ఇది నీ కడుపులోనే ఉంచుకో" అన్నారు. లేని బల్లి గురించి ఊరంతా చెప్పుకునేవాణ్ణి, ఉన్న గోడ గురించి అసలు సంగతి దాచుకోవాల్సి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు చాన్నాళ్ళు ఆవిణ్ణి ఇండియా టైమ్ ఆంటీ అని ఏడిపించారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేవారు.

ఆ పసిపిల్ల ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకునే వయసుకి వచ్చింది. పిన్నిగారు గ్రీన్‌కార్డ్ తీసుకుని ఇక్కడే వాళ్ళతో ఉంటున్నారు. మొన్న వాళ్ళ ఏసీ సర్వీస్‌కి వెళ్తే పిల్ల అడిగింది: "అంకుల్, మైల్ హై డస్ట్ వాల్ అంట, ఫర్ రియల్? మీరు ఎక్సాజరేట్ చేస్తారు కదా."

నేను పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇక చెప్పుకో నాయనా, అంతా చెప్పుకో" అన్నారు. "ఎలాగూ నువ్వు చెబితే ఎవరూ నమ్మరు."

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఈ పనిలో నాకు ఆ రోజు రెండు సంగతులు తెలిశాయి. కప్పెక్కినవాడు స్క్రూ విప్పే ముందు నాలుగు దిక్కులూ చూడాలి. మన మాట మీద నమ్మకం లేనప్పుడు, నమ్మకం ఉన్నవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. వాళ్ళు తమ పరువు తీసి మన చేతిలో పెట్టినా పెట్టొచ్చు.

మొన్న పిల్లకి ఇదంతా చెబుతున్నంతసేపూ అది నా మొహంలోకే చూసింది. ఎందుకే అంటే, "అమ్మమ్మ యువర్ ఐబ్రో చూడమంది" అంది.

లేవలేదు.