ఆమెన్ అనేలోపే మాత్ర ఉమ్మేసింది

మా పిల్లి బుల్లికి ఆయాసం. రోడ్డు మీద చెరకు లారీల దుమ్ముకో ఏమో, ఆ మధ్య ఊపిరి అందక పక్కటెముకలు ఎగరేసింది. పశువుల డాక్టరు గారు రాసిన స్టెరాయిడ్ మాత్ర రోజూ పొద్దున చేప అన్నం పెట్టాక అర ముక్క వేస్తున్నాను.

ఈ రోజు దాన్ని తువ్వాలులో చుట్టి, ముక్కను నాలుక వెనక్కి జార్చి, నోరు మూసి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మావారు టిఫిన్ ముందు ప్రార్థన మొదలుపెట్టారు. అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తువ్వాలు ఖాళీ. మాత్ర మావారి ఇడ్లీ పక్కన ఉంది.

“పోన్లేవే, ఆయాసం తగ్గింది కదా. ఇంకా దాన్ని ఏపుకు తినడం ఏటి? మానెయ్,” అన్నారు.

“మీకేటి తెలుసు? ఈ మందు ఒక్కసారిగా ఆపితే దాని ప్రాణం మీదకొస్తాదని డాక్టరు గారు సెప్పేరు. ఆయన తగ్గించమన్నప్పుడే తగ్గిస్తాను. ముందు తువ్వాలు పట్టుకోండి!”

ముక్క చెక్కుచెదరకుండా దొరికింది కనుక డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగి, దాన్నే మళ్లీ వేశాను. దొరక్కపోతే అందాజుగా ఇంకోటి వేసేదాన్ని కాదు. సూది లేని సిరంజితో కాసిని నీళ్లు పట్టి, బుల్లి ముక్కు నాక్కునేదాకా వదల్లేదు. మింగిందనడానికి అదే గుర్తట.

రేపటి నుంచి మావారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు, నేను బుల్లి మూతిని చూస్తూ ఆమెన్ అంటాను. ఇందులో తప్పుందంటారా? చెప్పండి, వింటాను. కళ్లు మాత్రం మూయను.