యూసుఫ్ భాయ్ అడిగిన రంగు

పొద్దున ఎదురింటాయన బండి కిక్కు కొట్టీ కొట్టీ అలసిపోయాడు. అది స్టార్ట్ కాలేదు కానీ పచ్చి పెట్రోలు వాసన మా వాకిలి దాకా వచ్చింది. పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోందని వాసనతోనే తెలిసిపోయింది. మూడో తరగతితో బడి మానేసినదానికి ఈ విద్య ఎక్కడిదని ఇంట్లో నవ్వుతారు. ఖతర్‌లో యూసుఫ్ భాయ్ దగ్గర అబ్బింది.

అల్ వక్రాలో నేను వంట చేసే ఇంటి వెనక, రేకుల షెడ్డులో ఆయన పని. ఇంటి యజమానిని మేమంతా బాబా అనేవాళ్ళం. బాబా వయసులో ఉండగా పందేల్లో నడిపిన పాత మోటారు సైకిళ్ళు ఆ షెడ్డులో ఉండేవి. యూసుఫ్ భాయ్‌ది నిజామాబాద్. తెలుగు మాట కోసం టీ గ్లాసు పట్టుకొని వంటింటి గుమ్మంలో కూర్చునేవాడు. ఆయన బండి సామాన్లు కడిగిన పెట్రోలును పారబోస్తుంటే నేను ఊరుకోలేదు. వడగట్టి మళ్ళీ వాడమని నా పాత నూలు చీర ముక్క ఇచ్చాను. "మా అమ్మ గూడ గింత తిట్టలే అక్కా" అంటూనే వడగట్టేవాడు.

వరల్డ్ కప్ వస్తోందని రోడ్లన్నీ తవ్విపోస్తున్న రోజులవి. ఎటు చూసినా కొత్త హోటళ్ళు. కదలని బండి ఇంట్లో ఎందుకని, బాబాకు ప్రాణమైన ఎర్ర బండిని ఒక హోటలు గోడకు వేలాడదీయడానికి ఇస్తానన్నాడు పెద్దకొడుకు. హోటలు వాళ్ళ లారీ వచ్చేలోగా నడిస్తే ఉంచుకుందామన్నాడు బాబా. దాని కార్బురేటర్ ఎప్పుడో పగిలిపోయింది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు తినిపించేది అదే. యూసుఫ్ భాయ్ దుకాణాలన్నీ తిరిగి, చివరికి అల్ షహానియాలో ఒంటెల దొడ్డి దగ్గర, పాడైన నీళ్ళ మోటారుకున్న పాతదాన్ని అడిగి విప్పుకొచ్చాడు. నీళ్ళ మోటారు నిమ్మళంగా తాగుతుంది, పందెం బండికి ఆకలెక్కువ. అందుకని పెట్రోలు వచ్చే ఇత్తడి జెట్టు రంధ్రాన్ని సన్నని సూదితో అరగదీసి, కొంచెం కొంచెంగా పెద్దది చేయాలి. ఎక్కువైతే ఇక అంతే, ఇంకో జెట్టు లేదు.

అరగదీసినప్పుడల్లా ఇంజను నడిపి, స్పార్క్ ప్లగ్గు విప్పి, మొన రంగు చూడాలి. నల్లబడితే పెట్రోలు ఎక్కువ. తెల్లబడితే తక్కువ. తక్కువతో పరుగెత్తిస్తే ఇంజను లోపల కరిగిపోతుంది. ఆయన కళ్ళకేమో శుక్లాలు. ఒకనాడు ప్లగ్గు నా చేతిలో పెట్టాడు కానీ, ఏ రంగు కావాలో చెప్పలేక తంటాలు పడ్డాడు. నేను పొయ్యి మీద ధనియాలు వేయిస్తూ, రంగు మారినప్పుడల్లా కొన్ని తీసి పళ్ళెంలో కుప్పలు పెట్టాను. ఎండలో పళ్ళేన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా చూసి, ఒక కుప్ప మీద వేలు పెట్టాడు. "గిది రావాలె."

లారీ వచ్చిన రోజున బండి స్టార్టయింది. ఆ చప్పుడుకు బాబా కర్ర కూడా మరిచి బయటికొచ్చాడు. కొడుకు సైతం నవ్వి, ఇక చాలన్నాడు. యూసుఫ్ భాయ్ ఇంజను ఆపి ప్లగ్గు నాకిచ్చాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. బాగుందంటే లారీ వెళ్ళిపోతుంది.

"బూడిదోలె తెల్లగున్నది భాయ్," అన్నాను. "ఇంక రాలే."

ఆయన ప్లగ్గు తీసుకొని తన కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. మళ్ళీ అడగనూ లేదు. "అక్క రాలేదంటే రాలేదు," అని కార్బురేటర్ విప్పడానికి కూర్చున్నాడు. కొడుకు విసుక్కున్నాడు. బాబా చెయ్యెత్తి అతన్ని ఆపి, లారీ డ్రైవరుకు టీ ఇమ్మన్నాడు. నేను టీ పెట్టి వచ్చేసరికి యూసుఫ్ భాయ్ ఊపిరి బిగబట్టి సూదిని ఒక్క చుట్టు తిప్పుతున్నాడు. ఈసారి ప్లగ్గు మొన ఆ కుప్ప రంగే వచ్చింది. బాబా బండెక్కి సముద్రం దాకా పోయొచ్చాడు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

ఆటలు మొదలవకముందే యూసుఫ్ భాయ్ ఊరికి పోయాడు. తర్వాత నేనూ వచ్చేశాను. ఉప్పు సరిపోయిందని చెప్పినా మళ్ళీ రుచి చూసేవాళ్ళ మధ్యే అంతదాకా బతికాను. నేనూ ఒకరి మాట నమ్మే మనిషిని కాదు. ఇప్పుడు నా కళ్ళూ మసకబారాయి. రాళ్ళేరమని బియ్యం చేట కోడలికిస్తాను. "ఏం లేవత్తమ్మా" అంటుంది. అలవాటు కొద్దీ నా చెయ్యి చేట వైపు పోతుంది. వెనక్కి తీసుకొని, ఎసట్లో పోయమంటాను.