ఊరి పుస్తకంలో లేని మనిషి

తొంభైల చివర్లో కొవ్వూరుకి ఎగువన, గోదావరి ఒడ్డునున్న ఓ చిన్న ఊళ్ళో హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. గ్రంథాలయం వాళ్ళు ఊరి చరిత్ర, ప్రముఖుల గురించి చిన్న పుస్తకం వేద్దామనుకుని, రాసే పని నాకు అప్పజెప్పారు. ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి కబుర్లు రాసుకునేదాన్ని.

ప్రముఖులెవరని అడిగితే అందరి నోటా మొదట వచ్చేది ఎనభై దాటిన ఓ పెద్దరైతు పేరే. వయసులో ఉండగా, వరద రోజుల్లో రేవు పడవ తిరగబడితే దూకి ఎనిమిదిమందిని ఒడ్డుకు చేర్చారట.

ఓ రోజు చేపలమ్మే ముసలామె అడిగింది. "టీచరుగారూ, మా ఆయన సంగతి కూడా రాస్తారాండి?"

"ఏం చేశాడాయన?"

"ఆ పడవలోవాళ్ళ కోసం దూకింది మా ఆయనండి. తొమ్మిదో మనిషి కోసం వెళ్ళి మరి రాలేదు."

"మరి పెద్దాయన అంటారే అందరూ?"

"ఆయనగారు ఒడ్డునే ఉన్నారండి," అంది, చేప పొలుసు తీస్తూనే. గొంతులో కోపం లేదు.

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికెళ్ళాను. గోదావరి వైపు కిటికీలన్నీ ఇటుకలతో మూసేసి ఉన్నాయి. పగలే లైటు వెలుగుతోంది. ముసలామె మాట చెప్పాను.

"నేను దూకలేదమ్మా. మోకాలి లోతు దిగాను, అంతే. కాళ్ళు కదల్లేదు. అతను నావైపు తిరిగి 'అయ్యగారూ, తాడు' అని రెండుసార్లు అరిచాడు. తాడు నా చేతిలోనే ఉంది."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"బయటపడ్డవాళ్ళకి ఎవరు లాగారో తెలిసే స్పృహ లేదు. తడిసిన పంచె చూసి నేనేనని జనమే అనుకున్నారు. మొదటిరోజు కాదనలేకపోయాను. తర్వాత అసలు నోరే పెగల్లేదు. ఆ గొంతు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. కిటికీలు మూయించినా ఆగలేదు." తలెత్తి నన్ను చూశారు. "ఉన్నదున్నట్టు రాయమ్మా."

రాశాను. గ్రంథాలయం కమిటీలో ఉన్న ఆయన కొడుకు ఆ పేజీలు తీసేయించాడు. "నాన్నగారికి మతి సరిగ్గా లేదండీ," అన్నాడు. పాత కథే అచ్చయింది.

ఆవిష్కరణ రోజు పెద్దాయనకి శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని, పోయినతని పేరు చెప్పి, "దూకింది అతను. నేను కాదు," అన్నారు. చివరి వరసలో ముసలామె లేచి నిలబడింది. కొడుకు వచ్చి మైకు లాక్కుని, "పెద్దవయసు కదండీ," అని నవ్వాడు. జనం కూడా జాలిగా నవ్వారు. మైకు లేకుండానే ఆయన ఆ పేరు మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నారు. ఎవరో చెయ్యి పట్టుకుని దింపేశారు.

వేదిక మీద రెండో కుర్చీలో నేనున్నాను. 'నిజమే, నాతోనూ చెప్పారు' అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు మెదపలేదు.

రెండు నెలలకి ఆయన పోయారు. మరుసటి ఏడు నాకు సామర్లకోట బదిలీ అయింది. వెళ్ళేముందు ముసలామె దగ్గరికెళ్ళి, నాకు అంతా తెలుసనీ, ఆయన నాతో చెప్పారనీ ఒప్పుకున్నాను.

ఆమె కత్తి పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది.

"ఆ రోజే అనుంటే బాగుండేదండి," అంది.