బలానికి వేసుకునే మాత్ర

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసి మోసి అది నా ఒంట్లోని జబ్బుతో కలిసిపోయింది. పొద్దున కళ్ళు తెరవగానే మీద పడే నీరసంలో జబ్బు ఎంత, అది ఎంత అని ఇప్పుడు విడదీసి చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా. ఎదురుగా కూర్చుని వినేవాళ్ళకు చెప్పలేకపోయాను. ఒకసారి చెప్పబోయాను కూడా. అది ఎట్లా ముగిసిందో చివర్లో చెబుతాను.

మాది ఆళ్లగడ్డ. నేను బడిలో టీచర్‌ని. మా ఆయన మా చర్చిలో సంఘ పెద్ద. ముప్పై దాటిన కొత్తలో నాకు కీళ్ళవాతం వచ్చింది. మొదట వేళ్ళు, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు. నొప్పి గురించి అందరికీ అర్థమవుతుంది. నొప్పికి చూపించడానికి వాపు ఉంటుంది. అలసటకు చూపించడానికి ఏమీ ఉండదు. సంగటి కెలకడానికి తెడ్డు పట్టుకుని, సగంలో ఆపి, పొయ్యి కట్టేసి, వంటింట్లోనే నేల మీద కూర్చున్న రోజులున్నాయి. బడిలో సుద్దముక్క బరువుగా ఉండేది. నిద్రపోయి లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టు ఉండేది. దానికి తోడు ఏడుపు. దేనికో తెలియదు. మా వీధి చివర విగ్రహాలు చెక్కే షెడ్లున్నాయి. మధ్యాహ్నాలు పడుకుని ఆ ఉలి చప్పుడు వింటూ, ఇది ఎప్పుడు ఆగుతుంది, నేనెప్పుడు ఆగిపోతాను అనుకునేదాన్ని. ఆగిపోవడం అంటే ఏమిటని నన్ను నేను అడగలేదు. అడగడానికి భయం.

మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు అర్థం కాలేదు. "కీళ్ళకు మాత్రలు మింగుతాండావ్ గదా, ఇంకేందీ?" అనేవాడు. సంఘంలో నా కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఆడవాళ్ళు ఇంటికొచ్చి, నా చుట్టూ చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఏడుస్తూ ప్రార్థించారు. వాళ్ళ ప్రేమ నిజమైంది. ఆ మాట ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు వాళ్ళది కాదు.

నంద్యాలలో కీళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. నెలకోసారి బస్సెక్కి పోయేదాన్ని. ఒకనాడు ఆయన వేళ్ళు నొక్కి చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. నొప్పికి ఏడుస్తున్నాననుకున్నాడు. కాదని తెలిశాక పెన్ను కింద పెట్టి చాలాసేపు ప్రశ్నలడిగాడు. తర్వాత అదే ఊళ్ళో మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన ఒక చిన్న మాత్ర రాశాడు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగయ్యిందని చెప్పాపెట్టకుండా ఆపొద్దని చెప్పాడు. సిగ్గుపడే జబ్బు కాదని కూడా చెప్పాడు. నేను తలూపాను. సిగ్గుపడుతూనే తలూపాను.

ఇంట్లో ఏం చెప్పాలి? సంఘ పెద్ద భార్యకు మతి స్థిమితం లేదట అనే మాట ఎంత వేగంగా ఊరు చుట్టి వస్తుందో నాకు తెలుసు. నేనే ఇంకొకరి గురించి అట్లాంటి మాట విని, నమ్మి, జాలిపడిన దాన్ని. కాబట్టి మా ఆయనతో బలానికి వేసుకునే మాత్ర అన్నాను. ఆళ్లగడ్డ మెడికల్ షాపుల్లో కొనకుండా నంద్యాలలోనే కొనుక్కునేదాన్ని.

నెలో, ఇంకాస్త ఎక్కువో గడిచాక ఒక పొద్దున లేచి, జడ వేసుకుని, కాఫీ పెట్టుకుని, తాగిన తర్వాత గానీ గమనించలేదు, ఇవన్నీ నేను అడుగడుక్కీ ఆగకుండా చేశానని. నొప్పి అట్లాగే ఉంది. అలసట కొంచెం వెనక్కి జరిగింది. లోపల మూసుకుపోయిన కిటికీ ఎవరో తెరిచినట్టుంది. ఆ రోజు నేను బడిలో పిల్లలతో నవ్వాను.

ఇప్పుడు సువార్తమ్మ గురించి చెప్పాలి.

సువార్తమ్మ నాకంటే చిన్నది. మా సంఘంలోదే. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టేది. మా పేటలో పెళ్ళి అంటే బట్టలు ముందు ఆమె దగ్గరికే పోయేవి. ఆమెకూ నా జబ్బే. ఒకే డాక్టరు. ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని పోయి వచ్చేవాళ్ళం. నా లాగా దాచుకునే మనిషి కాదు. ఒకనాడు శిరివెళ్ళ దాటాక, సంచిలోంచి మాత్రల అట్ట తీసి నాకు చూపించింది. "కీళ్ళ సారే ఇంకో సారు కాడికి పంపించినాడక్కా. మనసు బాగుండేదానికంట. మా అత్తేమో పిచ్చి మాత్రలంటాది. అననీలే. నాకు రవ్వంత తేలికైతాంది."

ఆ అట్ట నాకు తెలుసు. రంగు, అక్షరాలు, అన్నీ. నా సంచిలోనూ అదే ఉంది.

"అవునా" అన్నాను. అంతే. ఆమె నా వైపు చూస్తూ ఇంకేదో అంటానని కాసేపు ఎదురుచూసింది. నేను కిటికీలోంచి వరిమళ్ళను చూశాను. ఆ తర్వాత మనసు డాక్టరు దగ్గరికి ఆమె పోయే రోజు కాకుండా వేరే రోజు పెట్టుకున్నాను.

నేను బాగుపడడం సంఘం చూసింది. చర్చికి మళ్ళీ వస్తున్నాను, పాటలు పాడుతున్నాను. దేవుడు నాకు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. మా ఆయన ముఖంలో ఎంత సంతోషమో. వద్దనడానికి కారణం చెప్పాలి గదా. కారణం చెబితే మాత్ర సంగతి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాను. దేవుడు నన్ను ఆదుకున్నాడని చెప్పి కూర్చోవచ్చు. అది నిజం కూడా. ఆ మాత్ర కూడా ఆయన ఇచ్చిందేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఎదురుగా అన్ని కళ్ళు తడిసి ఉంటే, నా గొంతు ఎన్నడూ లేనంత బలంగా వస్తుంటే, నేను అక్కడ ఆగలేదు. నా దుఃఖానికి ఏ మందూ పనిచేయలేదన్నాను. మందులను నమ్ముకోలేదన్నాను. మీ ప్రార్థన ఒక్కటే నన్ను లేపింది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. ఆ మాటలు ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. ఎందుకు అన్నాను? సంతోషంగా ఉండింది. చాలా రోజుల తర్వాత నేను జబ్బుమనిషిని కాకుండా ఇంకేదో అయ్యాను. అంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఆరాధన అయిపోయాక సువార్తమ్మ నన్ను చర్చి పక్కన కొళాయి దగ్గరికి పిలిచింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు మనసుకేం మాత్రలు మింగడం ల్యా?"

"ఏందీ, అట్లడుగుతావ్?"

"నేను మింగుతాండా గదా, అందుకు. ఇంట్లో దినామూ నస. టీచరమ్మకు ప్రార్థనతో బాగాయె, నీకేమొచ్చిందంటారు. నువ్వేం చెప్తే అది చేస్తా."

"నేను మింగేది కీళ్ళ మాత్రలేమ్మా."

"అంతేనా?"

"అంతే."

"అయితే నేను కూడా నిలిపేసేదా?"

ఇక్కడ ఒక్క మాట చాలు. డాక్టరును అడక్కుండా నిలపాకు అనుంటే చాలు. నా గుట్టు బయటపడకుండానే ఆమె బతికిపోయేది. ఆ మాట నాకు తట్టింది. ఆ క్షణంలోనే తట్టింది, ఇప్పుడు కల్పించుకుని చెప్పడం లేదు. కానీ అప్పుడే చెప్పిన సాక్ష్యానికి అది ఎదురుగా నిలబడుతుంది. అందుకని, "నీ ఇష్టం సువార్తా. దేవుడు చూపించిన దావన పో" అన్నాను.

ఆమె నిలిపేసింది.

మొదటి వారాలు బాగానే ఉన్నట్టుంది. తర్వాత మిషన్ మీద గుడ్డ కప్పేసిందని విన్నాను. ఇల్లు కదలడం లేదని, తల దువ్వుకోవడం లేదని విన్నాను. నంద్యాలకు రావడం మానేసింది. మనసు మాత్రలతో మొదలైంది, మెల్లగా కీళ్ళ మాత్రలు కూడా వదిలేసింది. వేసుకోవడానికి లేవాలి గదా. బతకాలని కొంచెమైనా ఉంటే గదా మనిషి గ్లాసులో నీళ్ళు ముంచుకునేది. ఆ స్థితి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా పేటలో ఎవరున్నారు?

సంఘం ఆడవాళ్ళం ఆమె ఇంటికి ప్రార్థనకు పోయాం. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వేళ్ళు ఉబ్బి పక్కకు వాలడం మొదలైంది. "అక్కకు విశ్వాసముండె, బాగాయె. నాకు ల్యాకపాయె" అంది, ఎవరితోనో కాదు, గోడతో. ఆడవాళ్ళు నన్ను ప్రార్థించమన్నారు. ప్రార్థించాను. పైకి, అందరికీ వినిపించేట్టు, ఈ బిడ్డకు విశ్వాసం దయచేయి ప్రభువా అని ప్రార్థించాను. నా సంచి నా ఒళ్ళోనే ఉంది. మాత్రలు అందులోనే ఉన్నాయి.

సాక్ష్యం కంటే నాకు ఈ ప్రార్థనే ఎక్కువ గుర్తొస్తుంది. సాక్ష్యం నాడు ఇట్లా అవుతుందని నాకు తెలియదని చెప్పుకోవచ్చు. ఈ ప్రార్థన నాడు తెలుసు. తెలిసి, లోపం ఆమెదేనని దేవుడి ముందు చెప్పాను.

అప్పుడైనా ఆమెను నంద్యాలకు తీసుకుపోవచ్చు. పోవాలనుకున్నాను. కానీ మా ఇద్దరికీ మనసు డాక్టరు ఒక్కడే. అక్కడి నర్సు నన్ను గుర్తుపట్టి పేరుతో పలకరిస్తుంది. ఆ పలకరింపుకు భయపడి ఈ వారం, వచ్చే వారం అంటూ ఆలస్యం చేశాను. చివరికి ఆమె భర్త ప్రకాశమే, అమ్మ మాటా వినక, సంఘం మాటా వినక, ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకుపోయాడు. అప్పటికి ఎండాకాలం వెళ్ళి వానలు పడుతున్నాయి.

మనసు తేరుకుంది. చేతులు తేరుకోలేదు. ఒకసారి వంకరపోయిన కీలు మళ్ళీ వెనక్కి రాదని కీళ్ళ డాక్టరు చెప్పాడట. సూదిలో దారం ఎక్కించలేదు, కత్తెర పట్టలేదు. మిషన్ అమ్మేశారు. ప్రకాశం ఇప్పుడు పొలం పనితో పాటు హమాలీ పనికీ పోతాడు.

తేరుకున్నాక ఆమె నాతో అన్నది ఇది: "ఎవురు నిలపమన్నారని సారు అడిగినాడక్కా. ఎవురూ చెప్పల్యా, నేనే నిలిపినా అంటి. నీ పేరు ఏంటికి ఎత్తాల?" నా పేరు కాపాడిన ఆ మేలును కూడా లోపల పెట్టుకున్నాను, దొంగసొమ్ము పెట్టుకున్నట్టు.

ఏళ్ళు గడిచాయి. నేను మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. ఒకసారి డోసు పెంచారు, ఒకసారి మందు మార్చారు. కొన్ని నెలలు బాగుంటుంది, కొన్ని నెలలు వంటిల్లు కూడా దూరమైపోతుంది. దీనికి నయం కావడం అని ఉండదు, నెట్టుకురావడమే. మా ఆయన ఇప్పటికీ బలానికే అనుకుంటున్నాడు. లేక ఎప్పుడో తెలుసుకుని ఊరుకున్నాడేమో. అడగలేదు.

నిరుడు నంద్యాల బస్టాండులో మేమిద్దరం ఆళ్లగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. ఎండకు సువార్తమ్మ కొంగు తలమీద కప్పుకుంది. నీళ్ళ సీసా మూత తిప్పలేక నాకిచ్చింది. నా వేళ్ళకు కూడా కష్టమే, కానీ తిప్పగలిగాను. ఆ మూత తీసిస్తూ, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. చెప్పాను.

"సువార్తా, నేను కూడా మనసుకు మాత్రలు మింగుతాండా."

ఆమె సీసా కింద పెట్టింది. "ఎప్పుట్నుంచక్కా?"

నిజం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆమె కళ్ళలో అనుమానం లేదు. ఉండుంటే చెప్పేదాన్నేమో.

"ఈ మధ్యనే. ఆరేడు నెలలాయె" అన్నాను.

సువార్తమ్మ దగ్గరికి జరిగి, వంకరపోయిన రెండు చేతుల మధ్య నా చేతిని పెట్టుకుంది. "అయ్యో అక్కా. నీ అంత విశ్వాసమున్నదానికే వచ్చిందంటే, ఇంగ నేనెంత. ఇన్నాళ్ళూ నాదే తప్పనుకుంటి. సిగ్గుపడాకు. ఎవురేమన్నా నిలపాకు. నేను నిలిపి చెడినా."

కొళాయి దగ్గర నేను చెప్పకుండా మింగిన మాట, అంతా పోగొట్టుకున్న ఆమె నాకు చెప్పింది. నేను ఏడ్చాను. నా బాధకు ఏడుస్తున్నాననుకుని బస్సొచ్చేదాకా నా వీపు నిమిరింది. వద్దనలేదు. ఆ నిమరడం నాకు హాయిగా ఉండింది. అది కూడా ఇక్కడ రాయాలి.

దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఎన్నోసార్లు అడిగాను. ఆయన్ని అడగడం సులువు. ఆయన వేళ్ళు వంకరపోలేదు. అడగవలసిన మనిషి మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే ఎవరికి మేలు, ఆమెకా, నాకా? ఇది కూడా నేను తప్పించుకోవడానికి వేసుకుంటున్న ప్రశ్నేనేమో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

బస్టాండులో చెప్పకుండా ఆపుకున్న జవాబు మాత్రం ఇక్కడ పెడతాను. సువార్తా, నీకంటే ముందునుంచే మింగుతున్నాను. నువ్వు బస్సులో అట్ట చూపించిన నాటికే మింగుతున్నాను. ఏ మందూ పనిచేయలేదని సాక్ష్యం చెప్పిన ఆదివారం కూడా, పొద్దున వంటింట్లో నిలబడి, గ్లాసెడు నీళ్ళతో వేసుకునే వచ్చాను.

ఇంతే. ఇంత చిన్నది. రాసేశాను. చేతులు పీకుతున్నాయి, కాసేపు పడుకుంటాను.