ఒక్క రింగు

ఇబ్రహీంపట్నంలో నేను సైన్సు చెప్పే బడిలో, ఆ రోజు అంతరిక్షంలోని టెలిస్కోపు గురించి పాఠం. అది భూమితో రోజంతా కబుర్లాడదు. చూసినదంతా తనలో దాచుకుని, ఇక్కడి పెద్ద డిష్షు తనవైపు ఉన్న వేళల్లో రేడియో తరంగాలుగా పంపుతుంది. భూమి తిరుగుతుంది కాబట్టి డిష్షులు వేరువేరు దేశాల్లో ఉంటాయి. ఒకటి పక్కకు తిరిగిపోతే ఇంకొకటి అందుకుంటుంది.

"గా టెలిస్కోపు ఖరాబైతే ఎట్ల మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది.

తేడా వస్తే బొమ్మలు తీయడం ఆపేస్తుందని చెప్పాను. కరెంటు పుట్టించే సౌర పలకలు సూర్యుడివైపు పెట్టుకుని, ఉన్నానన్నట్టు సన్నటి సంకేతం మాత్రం పంపుతుంది. భూమ్మీది శాస్త్రవేత్తలు అన్నీ ఒకేసారి అడగరు. చిన్న ఆదేశం పంపుతారు, జవాబు వచ్చాకే ఇంకొకటి. అక్కడికి నాకు అక్క గుర్తొచ్చింది.

తుక్కుగూడలో ఉండే అక్కకూ నాకూ పాత ఒప్పందం ఒకటుంది. ఫోన్లో మాటకు పైసలు పడే రోజుల్లో మొదలైంది. పొద్దుగూకాక తను ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది, నేను ఎత్తను. అంతా బాగుందని అర్థం. రింగు ఆగకపోతే ఆపద. బావకు గుండెపోటు వచ్చినరోజు అలాగే మోగింది.

బావ పోయాక అక్క మాట మానేసింది. చుట్టాలు చుట్టూ చేరి "ఏమన్న మాట్లాడు, మనసుల పెట్టుకోకు" అని చంపుకుతిన్నారు. నేను ఇంకా ఎక్కువ, నాకసలే ఓపిక తక్కువ. అయినా సాయంత్రం ఆ ఒక్క రింగు మాత్రం తప్పేది కాదు. నోరు విప్పదు గానీ ఇదొకటి అని నాకు ఒళ్లు మండేది.

పాఠం చెప్పిన సాయంత్రం రింగు వచ్చి ఆగగానే నేనూ తిరిగి ఒక్క రింగు ఇచ్చాను. మర్నాడూ అంతే. "మీరు జర ఆగుండ్రి" అని చుట్టాలకు చెప్పాను.

వానలు తగ్గాయి, బతుకమ్మ పోయింది. ఒక సాయంత్రం ఫోన్ మోగి, ఆగలేదు. పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తాను.

"అక్కా, ఏమైంది?"

ఈసారి నోరు మూసుకుని ఆగాను.

"ఏం కాలే" అంది. "ఏం కూర వండుతున్నవ్?"

"బీరకాయ."

కూరలో ఉప్పు మరచిపోవడం నాకు చిన్నప్పటి అలవాటు. దానికే అక్క నన్ను ఏడిపించేది.

"ఉప్పేసినవా?" అంది.

వేశానని చెప్పబోయి, ఫోన్ చెవిన పెట్టుకునే పొయ్యి దగ్గరికి పోయి ఉప్పు డబ్బా తీశాను.