మునిరత్నం జట్కా దోవ తప్పింది

చంద్రకాంతమ్మ పాట చెవిన పడితే చాలు, మా మునిరత్నం దారి తప్పేవాడు.

మాటవరసకు అనడం లేదు. నిజంగానే తప్పేవాడు. మునిరత్నానిది జట్కా. పూతలపట్టుకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో మిగిలిన ఆఖరి జట్కా అదే. పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే, తిరిగిందీ ఆ నాలుగు రోడ్లే. కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఇల్లు చేరగల మనిషి. కానీ ఏ టీకొట్టు రేడియోలోనో చంద్రకాంతమ్మ గొంతు విచ్చుకుందా, అంతే. పగ్గాలు వదులయ్యేవి. కళ్ళు సగం మూతపడేవి. జట్కా చెరుకుతోటల మధ్య ఏటి నీళ్ళ మీద ఆకులా తేలిపోయేది. గుర్రం మెడలోని గజ్జెలు కూడా ఆ పాటకే తాళం వేస్తున్నట్టుండేవి. ఎక్కినవాడికి ఒక పక్క ఆలస్యమైపోతోందన్న బెంగ, ఇంకో పక్క ఈ దోవ ఇలాగే సాగిపోతే బాగుండునన్న ఆశ. దిగి చూస్తే తను వెళ్ళాల్సిన ఊరు తప్ప చిత్తూరు జిల్లాలో ఏ ఊరైనా కావచ్చు.

చంద్రకాంతమ్మ అంటే మా ఊరి ఆడబిడ్డే. నలుపు తెలుపు సినిమాల కాలంలో మద్రాసు వెళ్ళి, తన పాటలు తనే పాడుకుని, ఇంటింటి ఉయ్యాలలోకీ చేరిన తార.

ఒకసారి రైసుమిల్లు వరదయ్య తన వియ్యాలవారిని మునిరత్నం జట్కాలో కాణిపాకం గుడికి పంపించాడు. దోవలో ఎవరి ఇంట్లోనో రేడియో మోగింది. వాళ్ళు ఐరాల అవతల, బెల్లం వండే గానుగ దగ్గర తేలారు.

"ఏమయ్యా, గుడి యాడ?" అన్నాడు వియ్యంకుడు.

"గుడి ఆడే ఉండాది సామీ. మనమే ఈడ ఉండాము" అన్నాడు మునిరత్నం వినయంగా.

పట్టుచీరల ఆడవాళ్ళు చేతులకూ మూతులకూ వేడి బెల్లం పూసుకుని పొద్దుగూకాక ఇల్లు చేరారు. ఇంకో రెండు పాటలు పడి ఉంటే నాయుడుపేటలో తేలేవాళ్ళమని వియ్యంకుడు చాలాకాలం చెప్పుకున్నాడు. దోవలో ఎక్కిన ఒక ముసలామె మాత్రం సరిగ్గా ఆ గానుగ దగ్గరి కూతురి ఇంటి ముందే దిగి, నెత్తిన మూట సర్దుకుని, హాయిగా లోపలికి పోయిందట. ఆమె అదృష్టం అలాంటిది.

నా సంగతీ అంతే. చిత్తూరులో కలెక్టరుకు అర్జీ ఇద్దామని, బస్టాండుకు పోనివ్వమని జట్కా ఎక్కాను. వెనక సీట్లో జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఒళ్ళో వేసుకుని ఒక తల్లి కూర్చుని ఉంది. టీకొట్టు దాటామో లేదో మునిరత్నం మెడ పక్కకు వాలింది.

"మునిరత్నం, బస్టాండు ఇటు!"

"పాటన్నా, పాట..."

అతను కళ్ళు తెరిచేసరికి ధర్మాసుపత్రి గేటు ముందున్నాం. "అయ్యయ్యో, దోవ తప్పినానే! సరే, ఎట్లా వచ్చినాం గదా, దిగు తల్లీ" అన్నాడు ఆమెతో.

"నా బస్సు పోయిందయ్యా!" అన్నాను.

"బస్సుదేముందన్నా, ఇంకోటి వస్తాది. ఆ పాట మళ్ళా ఎప్పుడేస్తారో!"

ఆ రోజు టీకొట్టులో పాట మోగిందా అని అడిగితే నాకు గుర్తులేదు. అతని ముఖం చూస్తే మాత్రం మోగినట్టే ఉంది.

"నీకు తెలియకపోతే పోనీ, గుర్రానికైనా దోవ తెలియదా?" అని ఒకసారి నిలదీశాను.

"దానికి బాగా తెలుసన్నా. నేనే దాన్ని సెప్పనియ్యను."

భార్య మునెమ్మ ఇంకా పెద్ద ఉదాహరణ చెప్పేది. ఆమెకు చిన్నప్పటి నుంచి కుడికాలు కొంచెం ఈడుపు. "ఈ మనిషి పెండ్లిచూపులకు వచ్చింది నా కోసరం కాదన్నా. మా పక్కింటి పిల్ల కోసరం. మా సందు మొగన రేడియో మోగిందంట. దోవ తప్పి మా ఇంట్లోకొచ్చి, సాపేసుకుని కూసున్నాడు. మా నాయన ఎవురో సుట్టమనుకుని సంగటి పెట్టినాడు. తిన్నాక ఇంకేం సేస్తాడు, నన్ను సేసుకున్నాడు!" అని నవ్వేది. మునిరత్నం గుర్రానికి గడ్డి వేసే నెపంతో బయటికి పోయేవాడు.

చంద్రకాంతమ్మ మద్రాసులో కన్నుమూసిన మరుసటి ఏడాది మా ఊరు ఆమె పేరిట ఉత్సవం మొదలుపెట్టింది. ఉన్నమాట చెప్పాలి. ఆమె మద్రాసు బస్సెక్కిన రోజున ఇదే బజారు "ఆటకత్తె" అని తలుపులు వేసుకుంది. బతికినన్నాళ్ళూ ఆమె మళ్ళీ ఈ ఊరి గడప తొక్కలేదంటే తప్పు మద్రాసుది కాదు. మనుషులను తరిమేసి ఫోటోలకు దండలు వేయడంలో మా ఊరికి మించిన ఊరు లేదు.

ఉత్సవమంటే ఎలా చేయాలో మావాళ్ళకు తెలియదు. తెలిసిందల్లా గంగజాతర. కాబట్టి సినిమాతారకూ జాతరే చేశారు. పలకల వాయింపు, వేపాకు తోరణాలు, అంబలి కుండలు. ట్రాక్టరు మీద ఫోటోకు ఊరేగింపు. సినిమా ఆమెకు కొబ్బరికాయ కొట్టవచ్చా కూడదా అని కమిటీ మూడు పూటలు తగువులాడి, కొట్టవచ్చు గానీ నీళ్ళు మాత్రం ఆమె మీద చల్లకూడదని తీర్మానించింది. ఆగిన ప్రతి గడపలోనూ ఆడవాళ్ళు ఫోటోకు పసుపూ కుంకుమా పూసేవాళ్ళు. మధ్యాహ్నానికల్లా చంద్రకాంతమ్మ మాయమై, అద్దం నిండా పసుపు ముద్ద మిగిలేది. జాతర కట్టుబాట్లు కూడా అలాగే దిగుమతి అయ్యాయి. పటం ఏ గడప ముందు ఆగితే ఆ గడప అంబలి అందరూ తాగాలి. పటం ఒకసారి పోయిన దోవలో ఏటేటా పోవాలి, మానేస్తే ఊరికి అరిష్టం.

అయినా ఆ ఒక్కరోజు ఊరు ఊరులా ఉండేది కాదు. పొద్దున్నే మైకులో ఆమె గొంతు లేచేది. ఉడుకుతున్న బెల్లం వాసనలో కలిసి, తడి చెరుకు ఆకుల మీద జారి, ఎక్కడో మామిడితోపుల అవతల మంచులో కరిగిపోయేది. కొట్లాడుకునేవాళ్ళు సగం మాటలో ఆగిపోయేవాళ్ళు. ఎవరి చిన్నతనం వాళ్ళకు ఎదురొచ్చి నిలబడినట్టుండేది.

ఆ పాట కాలువ అవతలి మాలపల్లెకూ వినబడేది. ఊరేగింపు మాత్రం కాలువ దాటేది కాదు. ఆ పల్లెలోనే తాయమ్మ ఉండేది. ఒకప్పుడు నాట్ల పాటకు మొదటి గొంతు ఆమెదే. చంద్రకాంతమ్మ చిన్నప్పుడు చేనికి కూడు తీసుకొచ్చి, గట్టు మీద కూర్చుని, ఆమె పాడుతుంటే మళ్ళీ మళ్ళీ పాడించుకుని మొదటి పాట నేర్చుకుందని పల్లె అంతా ఎరుగును. బజారుకూ తెలుసు. తెలియనట్టు ఉండటం బజారుకు బాగా వచ్చు.

తాయమ్మకు ఇప్పుడు కాళ్ళు రావు. వాకిట్లో నులకమంచమే ఆమె లోకం. "ఇంట్లో తన్నినా ఆ బిడ్డ మా ఈదికి పరిగెత్తుకోని వచ్చేది. ఇప్పుడు ఫోటోకి కూడా అడ్డం పెడతారా? ఒక్కసారి నా వాకిట్లోకి రానీండి, సూసుకుంటా" అనేది.

పటాన్ని పల్లెలోకి పంపమని అడగడానికి నేనూ, ఆ పల్లె వాడే అయిన బడిపంతులు సుందరరాజూ కమిటీ అధ్యక్షుడు వరదయ్య దగ్గరికి వెళ్ళాం. అంతకుముందు వెళ్ళినప్పుడు "ట్రాక్టరు ఆ సందులో పట్టదప్పా" అన్నాడు. ఈసారి ట్రాక్టరు చెరుకు తోలకంలో ఉంది, పటం మునిరత్నం జట్కా మీద పోవాలి.

"జట్కా పడుతుంది కదా" అన్నాడు సుందరరాజు.

"పడతాది. గుర్రం బెదురుతాదే!"

"ఎందుకు బెదురుతుంది?"

"కొత్తదోవ గదప్పా."

"ఆ గుర్రం ఎక్కని దోవ ఈ జిల్లాలో ఉందా?" అన్నాను.

"అబ్బా, మీరు గమ్మునుండండి. వచ్చే ఏడు సూస్తాం" అన్నాడు వరదయ్య. ఈ దేశంలో పేదవాళ్ళకు దక్కాల్సినవన్నీ వచ్చే ఏడే ఉంటాయి.

పక్కనే గుర్రానికి నీళ్ళు పెడుతున్న మునిరత్నం తల ఎత్తలేదు. విన్నాడో లేదో కూడా తెలియదు.

ఉత్సవం రోజున గానీ కమిటీకి అసలు భయం గుర్తుకు రాలేదు. జట్కా మునిరత్నానిది. దాని మీదే మైకు, దాని మీదే టేప్‌రికార్డరు, అందులో పొద్దస్తమానం చంద్రకాంతమ్మ పాటలు!

"ఈ మనిషి పటంతో సహా తిరుత్తణిలో తేలతాడు" అన్నారొకరు.

"పాటలు ఆపేస్తే?"

"పాటల్లేకుండా ఉత్సవమేందప్పా, పెండ్లికూతురు లేని పెండ్లా?"

అప్పుడు వరదయ్య లేచాడు. రైసుమిల్లు నడిపే బుర్ర అది. "ఈనికి వినపడకుండా సేస్తే సరి!" అన్నాడు. పరుపు చింపి ఇంత దూది తెప్పించి, తన చేతులతోనే మునిరత్నం రెండు చెవుల్లోనూ కుక్కి, పైన తువ్వాలు చుట్టాడు. చెవి దగ్గర నోరుపెట్టి "మునిరత్నం!" అని అరిచాడు. మునిరత్నం గుర్రం తోక వంక ప్రశాంతంగా చూస్తున్నాడు. కమిటీ చప్పట్లు కొట్టింది.

ఊరేగింపు బయల్దేరింది. ఆహా, ఏం తోలాడు మునిరత్నం! గుడి మలుపు, బజారు, మిల్లు, బస్టాండు... గీత గీసినట్టు పోయింది జట్కా. వరదయ్య మీసం మెలేస్తూ ముందు నడిచాడు. బస్టాండు దగ్గర ఎడమకు తిరగాలి. వరదయ్య తిరిగాడు, పలకలవాళ్ళు తిరిగారు. జట్కా నేరుగా కాలువ వంతెన ఎక్కింది.

"మునిరత్నం! యాడికి? ఇటు, ఇటు!"

గజ్జెలు గల్లుగల్లుమన్నాయి. పాట వంతెన దాటింది.

"ఆపరా! యోవ్! నిలబెట్టు!"

ఎవరు పిలిస్తే ఎవరికి వినబడుతుంది? దూది కుక్కింది వరదయ్యే, అదీ మనసుపెట్టి. పంచె ఎగ్గట్టి వరదయ్య పరుగు, ఆయన వెనక కమిటీ పరుగు, కమిటీ వెనక ఊరు పరుగు. పటం ఎటు పోతే జాతర అటు పోవాల్సిందే కదా.

జట్కా వేపచెట్టు దాటి, బోరింగు చుట్టూ ఒడుపుగా తిరిగి, తాయమ్మ వాకిట్లో నులకమంచానికి చేయి చాపితే అందేంత దూరంలో ఆగింది.

పల్లె మొత్తం వాకిళ్ళలో నిలబడిపోయింది. సుందరరాజు పటం దింపి తాయమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె పసుపు ముద్దను చూసి, "ఏందిరా ఇది, బిడ్డను ఇట్ల సేసినారు!" అని కొంగుతో తుడిచింది. ముందు నుదురు వచ్చింది, తర్వాత కళ్ళు, తర్వాత ఆ నవ్వు. మైకులో పాట, మంచం మీద పటం, ఎండలో ఎగిరే పసుపు పొడి. గట్టు మీద కూర్చున్న చిన్నపిల్ల ఇప్పుడే లేచి వచ్చినట్టుంది.

"వచ్చినావా? ఈ కాలవ దాటేదానికి ఇన్నేండ్లు పట్టెనా నీకు?" అని తాయమ్మ పటాన్ని కోప్పడింది. కోప్పడుతూనే పాటలో గొంతు కలిపింది.

అప్పటికి వరదయ్య రొప్పుతూ చేరాడు. మునిరత్నం తువ్వాలు విప్పి, దూది పీకి, అమాయకంగా చూశాడు.

"ఏందయ్యా ఇది?" అని అరిచాడు వరదయ్య.

"నన్నేం సేయమంటావప్పా? దినామూ పాట వింటా తోలేటోన్ని. ఈ పొద్దు పాట వినపడకపోయేసరికి దోవ తప్పినా!"

వరదయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోటి ముందుకు తాయమ్మ కోడలు అంబలి చెంబు పట్టుకొచ్చింది. పటం ఆగిన గడప. వెనక ఊరంతా చూస్తోంది. వరదయ్య చెంబును చూశాడు, పల్లెను చూశాడు, కట్టుబాటును తలచుకున్నాడు. అన్నిటికన్నా ముందు ఆయన గొంతు బస్టాండు నుంచి ఎండిపోయి ఉంది. గటగటా తాగేశాడు.

"ఎట్లుండాది సామీ?" అంది తాయమ్మ.

"ఉప్పు సాల్లేదు" అని, చెంబు మళ్ళీ చాపాడు.

ఊరు నవ్వింది. తర్వాత ఊరు తాగింది. తిరుగుదోవలో వరదయ్య బస్టాండు దగ్గర ఆగి అన్నాడు: "పటం ఒకసారి పోయినాక ఇంక మానేదానికి లేదప్పా. అరిష్టం." నా అర్జీలు చేయలేనిది అరిష్టం చేసింది. ఆనాటి నుంచి ఏటేటా ఉత్సవం కాలువ దాటుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా మునిరత్నం ఇంటికి వెళ్ళాను. గుర్రానికి ఒళ్ళు రుద్దుతూ, చంద్రకాంతమ్మ పాట కూనిరాగం తీస్తున్నాడు. గానుగ దగ్గరి ముసలామె, ఆసుపత్రి గేటు, జ్వరం బిడ్డ, అన్నీ నా కళ్ళ ముందు వరసగా తిరిగాయి.

"నిజం చెప్పు మునిరత్నం. నువ్వు దోవ ఎప్పుడైనా తప్పావా?"

"అదేందన్నా, ఊరంతా ఎరిగిందే గదా! ఆ పాట వింటే నాకు ఒళ్ళు తెలీదు. కావాలంటే మునెమ్మనడుగు, మా పెండ్లిచూపుల సంగతి..."

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మునెమ్మ తల ఎత్తకుండానే అంది.

"ఆ పొద్దు మా ఈదిలో రేడియో ఉండే ఇల్లే లేదన్నా."

మునిరత్నం గుర్రానికి గడ్డి వేయాలని గుర్తొచ్చి గబగబా బయటికి పోయాడు. గుర్రం ముందు అప్పటికే నిండుగా గడ్డి ఉంది.